శిక్షణ సరే, చంటిబిడ్డ సంగతేంది?

మండలాఫీసు గోడకు కాగితం అంటిస్తారు. కుట్టుపని, బ్యూటీషియన్, కంప్యూటర్. మూడు నెలల శిక్షణ, తర్వాత ఉద్యోగం. ఎస్సీ మహిళలకు ప్రాధాన్యం. మన వాడ తల్లి ఆ కాగితం ఎవరితోనో చదివించుకొని, చంకలో బిడ్డ వంక చూసుకొని, మళ్లీ నాట్లకు పోతుంది. "వీళ్లు ముందుకు రావడం లేదు" అని సారు రిపోర్టు రాసుకుంటాడు.

ఎందుకు రాదో ఎన్నడైనా అడిగారా? కూలికి పోయిననాడే పొయ్యి మీద కుండ ఎక్కే ఇల్లు అది. మూడు నెలల కూలి పోగొట్టుకొని తినేదేంది? పట్నంలో హాస్టల్లో ఉండి నేర్చుకోమంటే పాలు తాగే బిడ్డను ఎవరి ఒళ్లో పెట్టి పోవాలి? అత్తకిద్దాం అంటే అత్తా కూలికే పోతుంది గదా!

1979లో ట్రైసెం, 1982లో డ్వాక్రా, 1999లో స్వర్ణజయంతి, 2014లో దీన్‌దయాళ్ కౌశల్య యోజన. పేర్లు మారినయి. 2014 నాటి దాంట్లో సగం ఎస్సీ ఎస్టీలకని, మూడో వంతు ఆడవాళ్లకని, ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా అవకాశమని రాశారు. బాగుంది. కానీ మన వాడకొచ్చేసరికి అది కుట్టుమిషనే అవుతుంది. వాడలో పది మిషన్లు పంచితే జాకెట్లు ఎవరు కుట్టించుకోవాలి? ఊళ్లో వాళ్లకు వాళ్ల దర్జీ ఉన్నాడు, సంతలో రెడీమేడ్ ఉంది. మిషను మూలకు చేరి దాని మీద దుప్పట్లు పడతాయి.

శిక్షణ అక్కరలేని ఉద్యోగం ఊరి బళ్లోనే ఉంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. పిల్లలు బళ్లో ఉండే వేళకే తల్లికీ పని. ఇంతకన్నా అనువైనదేముంది? అయినా మన చేతి వంట మా పిల్లలు తినరని అడ్డం పడే పెద్దలున్నారు. మనం కోసి, నూర్చి, మూటగట్టిన బియ్యానికి లేని మైల వండేసరికి ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లే చెప్పాలి.

బిడ్డ భారం తల్లి ఒక్కదానిదే అనే మాటను అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో తోసిపుచ్చారు. ప్రసూతి బిల్లును బలపరుస్తూ, ఆ ఖర్చు చాలావరకు ప్రభుత్వమే మోయాలన్నారు. 1929లో అది చట్టమైంది. 2005 ఉపాధి హామీ చట్టంలో కూడా, పనిచోట చిన్నపిల్లలు ఐదుగురుంటే చూసుకునేందుకు ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. ఎన్ని చెరువు పనుల్లో పెట్టారు? మన తల్లులు చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టుకొనే తట్టలు మోశారు. ఆరు నెలల పిల్లలను కూడా అంగన్‌వాడీలోనే ఉంచుకొని చూసే 'పాల్నా' పథకం 2022లో వచ్చింది. దాని పేరు మన వాడల్లో ఎంతమంది విన్నారు?

అక్కలారా, ఈసారి శిక్షణ కాగితం అంటిస్తే ఒక్కరు పోవద్దు, పదిమంది కలిసి పోండి. నేర్చుకున్నన్నాళ్లు రోజుకింత ఇస్తారా, బిడ్డను చూసేదెవరు, పోయినసారి నేర్చుకున్నవాళ్లలో ఎంతమందికి పని దొరికింది, ఎంత జీతం — ఈ నాలుగు అడగండి. నోటిమాట జవాబు ఒప్పుకోవద్దు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. రాయడం రాకపోతే సంఘం పిల్లలు రాసిపెడతారు. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.