ఎద్దుకూ పనిగంటలున్నాయి

పొలాల అమావాస్య నాడు జైనూర్ చుట్టుపక్కల గూడేల్లో ఎడ్లకు పని చెప్పరు. వాటిని కడిగి, కొమ్ములకు రంగులేసి, హనుమాన్ గుడి చుట్టూ తిప్పి, కడుపునిండా పెట్టి మొక్కుతారు. పశువును ప్రేమించడం ఈ నేలకు బయటివాళ్లు నేర్పాల్సిన పనిలేదు.

ఈ సంచిక మిగతా రోజుల గురించి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బండి లాగే పశువుతో రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టనేకూడదు. మన దగ్గర మే నెలంటే 40 దాటడం మామూలే. మనకోసమే రాసినట్టున్న ఈ మాట ఎంతమంది పిల్లల చెవిన పడింది?

1960 చట్టం పశుహింసకు మొదటి తప్పుకింద పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దానికి ఎవరు భయపడతారు? నా ఆశంతా బడి మీదే. ఆశ్రమ పాఠశాలల టీచర్లకు నా మనవి: ఎండాకాలం సెలవులకు ముందే ఆ మూడు గంటల సంగతి చెప్పండి. పుండుపడ్డ మెడ మీద కాడి మోపడం కూడా నేరమేనని చెప్పండి. ఇంటికెళ్లి నాయినకు చెప్పేది పిల్లలే.