చదరంగ యంత్రము - తీర్పు చెప్పు విధము

“కంప్యూటరు చెప్పినది” అనుమాట మన పట్టణములలో వేదవాక్యమగుచున్నది. చదరంగమాడు బాలురు తమ యాటను సెల్‌ఫోను కప్పగించి, అది చూపిన యెత్తే సరియైనదని తృప్తి పడుచున్నారు. అది యేల మంచిదని యడిగినచో బదులు లేదు. ఈ యలవాటు చదరంగపు బల్లతోనే నిలుచునట్టిదైనచో మే మీ ప్రసంగము చేయకయే యుందుము. కాని అప్పుల దరఖాస్తులను, ఉద్యోగార్థుల పత్రములను వడగట్టు పనియు నేడు యంత్రముల చేతికి పోవుచున్నది. కావున యంత్రము తీర్పు చెప్పు విధమును ప్రజ లెరుగవలయును. అది నేర్చుటకు చదరంగమును మించిన బడి లేదు.

యంత్రము చేయు పనులు మూడు. మొదటిది ఎత్తులను విప్పి చూచుట. ఆట యారంభమున తెల్లపక్షమునకు 20 ఎత్తులు గలవు, ఒక్కొక్కదానికి నల్లపక్షమున 20 జవాబులు, వెరసి 400. ఇరువురును రెండేసి యెత్తులు వేయునప్పటికి మార్గములు 1,97,281 అగును. తుదిదాక విప్పుట యే యంత్రమునకును శక్యము గాదు. కావున కొంతదూరము పోయి నిలిచి, అచ్చటి స్థితికి వెల గట్టును. ఇది రెండవ పని. బంటునకు 1, గుర్రమునకు 3, మంత్రికి 9 అని యెంచి, రాజు క్షేమము మొదలగువానిని చేర్చి లెక్క తేల్చును. మూడవది, ఎదుటివాడు మనకు మిక్కిలి కీడైన జవాబే యిచ్చునని తలచి, అప్పటికిని మేలుగా నిలుచు నెత్తు నేరుట. మేలైన యెత్తొకటి ముందే దొరికియుండగా, మరియొకదానికి మన మంత్రిని హరించు జవాబు కానవచ్చినచో, దాని తక్కిన జవాబులను చూడక యా కొమ్మను నరికివేయును.

ఇందు మాయ యేమియు లేదు. 1952లో ఇంగ్లండున అలన్ ట్యూరింగ్ కాగితముపై వ్రాసికొన్న నియమములను తానే యంత్రమువలె గుణించుచు ఒక స్నేహితునితో నాడెను. ఎత్తొకటికి సుమారు అరగంట పట్టెను, ఆట యోడెను. 1997 మే నెలలో డీప్ బ్లూ యను యంత్రము సెకనునకు సుమారు 20 కోట్ల స్థితులను చూచుచు, జగజ్జెట్టియగు కాస్పరోవును 3½–2½ లెక్కను గెలిచెను. వేగము మారినది, వెలగట్టు నేర్పు పెరిగినది. పద్ధతి మూలము మారలేదు. 2017లో వెలువడిన ఆల్ఫాజీరో మాత్రము వెలగట్టుటను తనతో తానే యాడి నేర్చెను. సెకనునకు 80 వేల స్థితులే చూచియు, కోట్లకొలది చూచు స్టాక్‌ఫిష్‌ను జయించెను. అయినను ఆ వెల యెట్లు వచ్చినదో కట్టినవారికే విప్పి చెప్పుట దుర్లభము.

విశ్వవిజేతనే యోడించినదానితో మనకు వాదమేల యని కొంద రందురు. చదరంగమున గెలుపోటములు నియమముచే నిశ్చితములు. వెల తప్పినచో ఆటయే దానిని బయటపెట్టును. మనుష్యుని యోగ్యతకు వెలగట్టునప్పుడు అట్టి సాక్షి యెక్కడ? త్రోయబడినవాడు తిరిగి యాడి నిరూపించుకొనజాలడు. అచ్చట వెల నిర్ణయించిన వారెవ్వరు, దేనిని లెక్కగొనిరి, దేనిని విడిచిరి యని యడుగు హక్కు మనకు గలదు. అడుగుటకు తెలివి వలయును.

ఈ విద్య మనవారికి దూరమైనది కాదు. డీప్ బ్లూ పూర్వరూపములు 1980ల దశకమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పుట్టినవి. ఆ కాలముననే యచ్చటి రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకుడుగా నుండినవారు చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు. 1994లో వారికి ట్యూరింగ్ పురస్కారము లభించినది. ఆటయందు కోనేరు హంపి, హరికృష్ణ, హారికల కీర్తి లోకవిదితము. ఓరుగల్లు బిడ్డ అర్జున్ 2024 డిసెంబరున 2801 రేటింగును అందుకొనెను. వీరును యంత్రముతో సాధన చేయువారే. కాని పందెమునకు కూర్చున్నప్పుడు యంత్రము తోడురాదు గనుక, ఎత్తు వెనుక కారణమును తమ బుద్ధిలో నిలుపుకొనక తప్పదు. ఆ క్రమశిక్షణ యెల్లరకు వలయును.

గుండ్లపోచంపల్లి పరిసరములందు, మేడ్చల్ దారి పొడుగునను ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఆ విద్యార్థులు నెలకొక యాదివారము పొరుగు పాఠశాలలకును పఠనమందిరములకును పోయి, ట్యూరింగ్ చేసినట్లు కాగితమును పెన్సిలును పట్టి, యంత్రము ఎత్తు వేయు విధమును తెలుగున చూపింతురుగాక. దీనికి విద్యుత్తు వలదు, ధనము వలదు. ఒక చదరంగపు బల్ల చాలును. యంత్రము చెప్పినదానిని వినుడు. ఏల యని యడుగుట మానకుడు.