మూడు గంటల సినిమాల ముచ్చట

తెలుగు సినిమా మళ్లీ మూడు గంటల దగ్గరికి వచ్చేసింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ 182 నిమిషాలతో వచ్చినప్పుడు అదో సాహసం అనుకున్నారు. తర్వాత ‘ఆర్ఆర్ఆర్’ మూడు గంటలు దాటింది, ‘కల్కి 2898 ఏడీ’ మూడు గంటలు పట్టింది, 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ఏకంగా 3 గంటల 20 నిమిషాలకు వెళ్లింది. ఇప్పుడు హాల్లోంచి బయటికొచ్చినవాళ్లని సినిమా ఎలా ఉందని అడిగితే, కథ సంగతి చెప్పకముందే ‘కొంచెం ల్యాగ్ ఉంది’, ‘సెకండాఫ్ సాగదీశాడు’ అనేస్తారు. ఆ మాట కొన్నిసార్లు న్యాయమే. చాలాసార్లు మాత్రం తప్పు నిడివిది కాదు, సీన్ల పేర్పుది.

పొడవు తెలుగువాళ్లకి కొత్తేం కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో వేషాలు కట్టింది సురభి నాటక సమాజం వాళ్లే. తెల్లవార్లూ పద్యనాటకాలు, తోలుబొమ్మలాటలు చూసిన జనమే ఆ సినిమాలకీ ప్రేక్షకులయ్యారు. అందుకే 1963లో ‘లవకుశ’ దాదాపు మూడున్నర గంటలున్నా ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చి చూశాయి. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ అయితే నాలుగు గంటలకి కాస్తే తక్కువ. ఎన్టీఆర్ దర్శకత్వం చేస్తూనే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ వేశారు. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు జనానికి కంఠతా వచ్చేశాయి. దుర్యోధనుడికి భానుమతితో యుగళగీతం ఏంటని ఎవరైనా అడగొచ్చు. కానీ ఆ పాట వల్లే అతను ఉత్త విలన్‌గా మిగిలిపోకుండా ఓ రాజు, ఓ భర్త అయ్యాడు. అది నిడివిని పెంచిన పాటే, అయినా వృథా పోలేదు.

ఈ విషయంలో అసలు పాఠం మాత్రం కె.వి.రెడ్డి దగ్గరుంది. ‘మాయాబజార్’ (1957) మూడు గంటలు దాటే సినిమా. ఆయన షూటింగ్‌కి ముందే రిహార్సల్స్ పెట్టించి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపు, ఏ పాట ఎంతసేపు అని లెక్క చూసుకునేవారు. సెట్లోకి అడుగుపెట్టకముందే సినిమా నిడివి ఆయనకి తెలిసిపోయేది. ఇంకో సంగతి ఉంది. భారతం మనుషుల చుట్టూ తిరిగే ఆ సినిమాలో పాండవులు తెరమీదికే రారు. వాళ్ల ప్రస్తావన వస్తుంది, వాళ్లు మాత్రం కనిపించరు. ఐదుగురినీ చూపించాలంటే పరిచయాలకి, పద్యాలకి, సభలకి బోలెడంత సమయం పోయేది. వాళ్లని పక్కన పెట్టబట్టే ఘటోత్కచుడి విందుకి, మాయా శశిరేఖగా సావిత్రి చేసిన అల్లరికి, చిన్నమయ్య, లంబు, జంబుల సందడికి కావలసినంత చోటు దొరికింది. ఏం చూపించాలన్నదానికంటే ముందు ఏం వదిలెయ్యాలో తేల్చుకున్న సినిమా అది. అందుకే ఇప్పుడు టీవీలో వచ్చినా మధ్యలో లేవాలనిపించదు.

అప్పట్లో ముడి ఫిల్ము ఖరీదు కూడా దర్శకుడి చేతిని కాస్త పట్టుకుని ఉంచేది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలంటే సుమారు పదకొండు నిమిషాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫిల్ముకి కరువొచ్చి, సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వమే హద్దు పెట్టింది. అంటే రెండు గంటల పైచిలుకు, అంతే. ఆ హద్దు తర్వాత పోయినా ఖర్చు భయం పోలేదు. ఒక సీను పెరిగితే ప్రతి ప్రింటులోనూ ఆ మేరకు ఫిల్ము పెరిగేది. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ భయం కూడా పోయింది. ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు, మిగతాది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు. ల్యాగ్ చాలావరకు ఆ ధీమాలోంచే పుడుతోంది.

ఇటీవలి సినిమాల్లో ‘పుష్ప 2’నే తీసుకుంటే, గంగమ్మ జాతర ఘట్టానికి ఎంతసేపు ఇచ్చినా తక్కువే. చీర కట్టి, ఒళ్లంతా రంగు పూసుకుని అల్లు అర్జున్ ఆడినంతసేపూ సమయం గుర్తుకు రాదు. అదే సినిమాలో మొదట వచ్చే జపాన్ రేవు పోరాటాన్ని తీసేసినా తర్వాతి కథకి లోటేం ఉండదు. పోలీసు అధికారి షెకావత్‌తో పంతాలు కూడా ఒక దశ దాటాక ఒకే మెట్టు మీద తిరుగుతాయి. అంటే ఇరవై నిమిషాలు తేలిగ్గా తగ్గే సినిమా అది. జరిగింది మాత్రం వేరు: 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి ‘రీలోడెడ్’ అంటూ మళ్లీ విడుదల చేశారు. అభిమానులకి అది పండగే. కథకి మాత్రం కొత్తగా ఒరిగిందేమీ లేదు.

‘ఆర్ఆర్ఆర్’ విషయం వేరు. రామ్ ఫ్లాష్‌బ్యాక్ సెకండాఫ్‌లో, అంత ఆలస్యంగా వస్తుంది. మామూలుగా అయితే అక్కడ సినిమా చతికిలపడాలి. కానీ అతను పోలీసు యూనిఫారం ఎందుకు వేసుకున్నాడో, స్నేహితుడైన భీమ్‌ని ఎందుకు కొట్టాల్సివచ్చిందో తెలిసేది అక్కడే కాబట్టి జనం ఊపిరి బిగబట్టి చూశారు. జవాబు కోసం ఎదురుచూసే ప్రేక్షకుడికి నిమిషాలు బరువుగా ఉండవు. ‘అర్జున్ రెడ్డి’ తొలి కూర్పు 3 గంటల 40 నిమిషాలట. అందులోంచి దాదాపు నలభై నిమిషాలు తీసేసినా, హీరో తాగి తిరిగే భాగంలో ఇంకా కొంత పునరుక్తి మిగిలింది. ‘కుబేర’ (2025) కూడా మూడు గంటల సినిమా. బిచ్చగాడిగా ధనుష్, జైలు నుంచి వచ్చిన అధికారిగా నాగార్జున ఎదురుపడే మొదటి సగం చకచకా నడుస్తుంది. రెండో సగంలో పరుగు, వెతుకులాట, మళ్లీ పరుగు. అక్కడే జనం సెల్‌ఫోన్లు తీశారు.

‘లక్కీ భాస్కర్’ రెండున్నర గంటలుంటుంది గానీ అంతసేపైనట్టే ఉండదు. బ్యాంకు క్యాషియర్ చేతిలో డబ్బు ఒక సీను నుంచి ఇంకో సీనుకి మారుతూనే ఉంటుంది, దాంతోపాటు ప్రమాదమూ పెరుగుతుంది. ‘కోర్ట్’ కూడా ఇంచుమించు అంతే పొడవు. వాదనలు మొదలయ్యాక ఒక్క మాట కూడా వదులుకోబుద్ధి కాదు. ‘లిటిల్ హార్ట్స్’ రెండు గంటల్లో నవ్వించి పంపేసింది, ఆ కథకి అంతే చాలు.

విడుదలయ్యాక కత్తెర వెయ్యడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. 2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’లోంచి తర్వాత ఓ ఇరవై నిమిషాలు తగ్గించారు. 2024లో ‘భారతీయుడు 2’ కూడా మూడు గంటలతో వచ్చి, పన్నెండు నిమిషాలు పోగొట్టుకుంది. మొదటి రోజు టికెట్ కొన్న ప్రేక్షకుడు చూసింది పూర్తికాని సినిమా అని ఒప్పుకోవడమే కదా ఇది. ఆ నష్టం అతనికి ఎవరూ తీర్చరు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 2025 అక్టోబరు 31న వచ్చిన ‘బాహుబలి: ది ఎపిక్’. రెండు భాగాలూ కలిపితే ఐదు గంటలు దాటే కథని రాజమౌళి 3 గంటల 45 నిమిషాలకి కుదించారు. శివుడు, అవంతికల ప్రేమకథ చాలావరకు పోయింది, మాహిష్మతి కథ నిలబడింది. మొదటి భాగం వచ్చిన పదేళ్ల తర్వాత దర్శకుడే తన పనిని మళ్లీ కొలిచి చూసుకోవడం మెచ్చుకోవలసిన సంగతి.

పొడవు భారం చివరికి హాలు మీదా, ఇంటిమీదా పడుతుంది. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకి ఇంటర్వెల్, ప్రకటనలు, శుభ్రం చేసే సమయం కలిపితే నాలుగు గంటలు దాటేస్తుంది. పొద్దున ఆట, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో అనే పాత వరస అక్కడ తప్పిపోతుంది. సెకండ్ షో వదిలేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. చిన్నపిల్లలున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ‘ఓటీటీలో చూద్దాంలే’ అని ఆగిపోయేది ఇలాంటి సినిమాలకే. ఇంట్లో చూస్తే మూడు గంటలు మూడు రాత్రులకి పంచుకోవచ్చు. అయితే జాతర ఘట్టంలో హాలంతా వేసిన ఈల ఆ ఇంట్లోకి రాదు.

దర్శకులు నిడివిని విడుదల వారంలో కాకుండా కాగితం మీదే తేల్చుకోవాలి. ప్రేక్షకులు కూడా ఊరికే ‘ల్యాగ్’ అని వదిలెయ్యకుండా, ఏ సీను దగ్గర విసుగొచ్చిందో, ఏ సీను ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించిందో విడమరిచి చెప్పాలి. తీసేవాళ్లకి పనికొచ్చేది ఆ మాటే.