వాడ ఆరోగ్యం – 6: “మీవాళ్ళకి అవగాహన ఉండదు”



బీపీ గురించి, పక్షవాతం గురించి రాయమని కొందరు విద్యార్థులు ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. రాస్తాను. కొంచెం కోపంగానే రాస్తాను.

మా పెద్దమ్మ మిరప కోతలకు వెళ్ళే మనిషి. ఒకరోజు తెల్లారుజామున టీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి పట్టు తప్పింది. మూతి ఓ పక్కకి లాగింది. మాట ముద్దముద్దగా వచ్చింది. “గాలి సోకింది” అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. ఒకరు ముక్కులో ఉల్లిపాయ రసం పిండారు. ఇంకొకరు పసరు పోసే ఊరికి ఆటో మాట్లాడారు. అక్కణ్ణించి ఆర్ఎంపీ దగ్గరికి. ఆయన పెట్టిన సెలైన్ అయ్యాక టౌనులో ఆసుపత్రికి. స్కాన్ తీసేసరికి పొద్దు వాలింది. డాక్టరు ఫిల్ము చూశాడు, మా వాళ్ళని చూశాడు, “మీవాళ్ళకి అవగాహన ఉండదు” అన్నాడు.

ఆ ‘మీవాళ్ళు’ దగ్గరే నా పేచీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 2019 నాటి లెక్కలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్య బీపీ ఉన్నవాళ్ళు సుమారు 128 కోట్ల మంది. అందులో 46 శాతం మందికి తమకు బీపీ ఉన్నట్టే అప్పటికి తెలియదు. వీళ్ళంతా మా పేటలోనే ఉన్నారా? మేడల్లోనూ ఉన్నారు. మేడల్లో మనిషి పడిపోతే పని ఒత్తిడి అంటారు. పేటలో పడిపోతే అజ్ఞానం అంటారు.

పెద్దమ్మకి బీపీ ఉందని నాలుగేళ్ళ కిందటే చెప్పారు. మాత్రలిచ్చారు. నెల తిరిగేసరికి తల తిరగడం తగ్గింది, మానేసింది. జ్వరం తగ్గితే జ్వరం మాత్ర మానేస్తాం కదా, అదే లెక్క. ఏ బాధా లేకపోయినా రోజూ వేసుకోవాలని, ఆ బాధ లేకుండానే బీపీ మెదడులో నరాల్ని పాడుచేస్తుందని ఆమెని కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కానీ ఓపీ చూసేది పొద్దున, కూలికి పిలిచేది కూడా పొద్దునే. లైనులో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఉచితం అని బోర్డు రాసినవాడు ఆ కూలి లెక్క వేశాడా?

ఇంకో నిజం చెప్పాలి. ఆ తెల్లారుజామున మొదటి ఫోను వచ్చింది నాకే. పెద్ద చదువు చదివినవాణ్ణి, సభల్లో మాట్లాడేవాణ్ణి కదా. నేనేమన్నానో తెలుసా? “ముందు ఆర్ఎంపీకి చూపించండి, మధ్యాహ్నానికి నేనొస్తా” అన్నాను. అవగాహన లేనిది పెద్దమ్మకా, నాకా? రాజ్యాంగంలో అధికరణలు నంబర్లతో సహా చెప్పగలను. మూతి వంకరపోతే గంటలు లెక్కపెట్టాలని మాత్రం నాకు తెలియదు.

ఇప్పుడు తెలుసుకున్నది రాస్తున్నా, మీ ఇంట్లో చెప్పండి. మూతి, చెయ్యి, మాట. ఈ మూడింట్లో ఏ ఒక్కటి హఠాత్తుగా తేడా వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. మెదడులో రక్తనాళం గడ్డతో మూసుకుపోతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అదే నాళం చిట్లి రక్తం కారుతుంటే ఆ ఇంజెక్షనే ప్రాణం తీస్తుంది. ఏది జరిగిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. అందుకే స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి. దారిలో నోట్లో నీళ్ళు, టీ, పసరు, మాత్ర ఏదీ పొయ్యొద్దు. గొంతుకి అడ్డం పడుతుంది.

ఇది తెలిసినా సగమే. పేట నుంచి స్కాన్ మిషన్ దగ్గరికి ఎన్ని గంటలు? రాత్రిపూట ఆ గదికి తాళం ఉంటుందా? ఆ ఇంజెక్షన్ అక్కడ స్టాకుందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పకుండా గోడకి పోస్టరంటించి ‘అవగాహన కల్పించాం’ అంటే నమ్మొద్దు. సమాచార హక్కు కింద అడగండి. విద్యార్థి సంఘాలు చెయ్యాల్సిన పని ఇది.

మనవాళ్ళనీ అడుగుతున్నా. ఏప్రిల్ 14కి డీజేకి, ఫ్లెక్సీలకి వేల రూపాయలు పోస్తాం. అందులో కొంత తీస్తే ఒక బీపీ మిషన్ వస్తుంది. షుగరుతో ఒళ్ళు కుంగి, 65 ఏళ్ళకే బాబాసాహెబ్ వెళ్ళిపోయాడు. ఆయన మెడలో దండ వేసి మన ఒంటిని గాలికొదిలేస్తే ఎట్లా? “నాకేంటి, దున్నపోతులా ఉన్నా” అనే బాబాయిలకీ, మొగుడి మాత్రలు గుర్తుపెట్టి తన మాత్రలు మరిచిపోయే పిన్నమ్మలకీ సాయంత్రం కూలి నుంచి వచ్చాక అరుగు మీదే బీపీ చూడండి. 140/90 దాటితే ఇంకోరోజు మళ్ళీ చూడండి. అప్పుడూ దాటితే ఆసుపత్రికి తోడు వెళ్ళండి. మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టండి.

పెద్దమ్మ ఇప్పుడు ఎడంచేత్తో తింటుంది. మిరప కోతలు ఆగిపోయాయి. నేను వెళ్తే మాట రాక చేత్తోనే పక్కన కూర్చోమంటుంది. ఆ రోజు ఫోన్లో నేనన్న మాట ఆమెకి తెలియదు.

మీ ఇంటి నుంచి అలాంటి ఫోనొస్తే మీరేం చెప్తారు? ఆ జవాబు ఈ రాత్రే నేర్చుకోండి.

జై భీమ్.