కీచైన్ ఫ్లాష్‌లైట్ కొంటున్నారా? 300 ల్యూమెన్ల కోసం కాదు, 15 ల్యూమెన్ల కోసం కొనండి

"ఫోన్‌లోనే లైట్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకన్నా?"

నా తాళాల గుత్తికి వేలాడే బుల్లి ఫ్లాష్‌లైట్ చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే. అడగడంలో తప్పేం లేదు. అసలు లెక్క వేస్తే ఫోనే గెలుస్తుంది. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దాదాపు 19 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. కీచైన్ లైట్లలో సాధారణంగా కనిపించే 130 ఎంఏహెచ్ సెల్‌లో ఉండేది అర వాట్-అవర్ కూడా కాదు. అంటే ఫోన్‌ది సుమారు 40 రెట్లు పెద్ద ట్యాంక్. ఫుల్ ఛార్జ్ ఉన్న ఫోన్ జేబులో ఉంటే, ఎక్కువసేపు వెలిగే టార్చ్ అదే. ఈ మాట ఒప్పుకోకుండా ఈడీసీ వీడియోలు చూసి ఆర్డర్ పెట్టేస్తే, రెండు వారాల్లో ఆ లైట్ డ్రాయర్‌లో పడి ఉంటుంది.

అయినా నేను క్యారీ చేస్తున్నా. ఎందుకో చెప్పాలంటే కండ్లకోయ వెళ్లాలి.

మేడ్చల్ హైవే మీద అటువైపు తిరిగేవాళ్లకి ఆ జంక్షన్ తెలిసే ఉంటుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో చివరగా పూర్తయిన ముక్క అక్కడిదే, 2018లో తెరిచారు. పైన ఔటర్ మీద కార్లు దూసుకెళ్తుంటాయి. టూవీలర్లకి పైకి ఎంట్రీ లేదు. కాబట్టి అక్కడి ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు, షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లు, డెలివరీ బాయ్స్, అందరం కింద సర్వీస్ రోడ్డులోనే. జంక్షన్ దగ్గర వెలుతురు బాగానే ఉంటుంది. కొంచెం దూరం పోయాక, ఓ పక్క ఖాళీ ప్లాట్లు, గడ్డి, మట్టి కుప్పలు వచ్చే చోట మాత్రం బండి హెడ్‌లైటే దిక్కు.

పోయిన వానాకాలం రాత్రి పదిన్నరకి, అలాంటి చోటే నా బండి చైన్ ఊడిపోయింది. ఇంజిన్ ఆపితే హెడ్‌లైట్ కూడా పోయింది. ఫోన్‌లో 5 శాతం ఉంది. ఫ్లాష్ నొక్కితే, బ్యాటరీ తక్కువగా ఉందని మెసేజ్ చూపించి ఊరుకుంది. చాలా ఫోన్లు అంతే, ఛార్జ్ బాగా తగ్గితే ముందు ఫ్లాష్‌కే కోత పెడతాయి. ఒకవేళ వెలిగినా, ఆ 5 శాతం నాకు అవసరం. ఇంటికి ఫోన్ చేయాలన్నా, లొకేషన్ పంపాలన్నా, మెకానిక్ దొరికితే యూపీఐ కొట్టాలన్నా అదే ఆధారం.

సరే, ఇంత కథ చెప్పాక కీచైన్ లైట్ తీసి వెలిగించా, సమస్య తీరింది అంటాననుకుంటున్నారా? లేదు. అప్పుడు నా దగ్గరున్న లైట్ (పేరు వద్దు) కూడా చచ్చి ఉంది. పగలంతా జేబులో తాళాల మధ్య దానంతటదే ఆన్ అయ్యి, ఖాళీ అయిపోయింది. జేబు వెచ్చగా ఉందేంటా అని మధ్యాహ్నం ఒకసారి అనుకున్నా కూడా. చివరికి ఆ దారిలో వచ్చిన ఒకాయన బండి ఆపి, హెడ్‌లైట్ నా వెనక చక్రం మీద పడేలా పెడితే చైన్ ఎక్కించుకున్నా. ఆయన అయిదు నిమిషాలు ఆగకపోతే గోదావరి చుట్టూ ప్రదక్షిణ చేసినంత నడక ఉండేది.

ఆ లైట్ కొన్నప్పుడు నేను చూసింది ఒక్కటే, బాక్స్ మీది ల్యూమెన్ల నంబర్. అందుకే ఇప్పుడు ఇలా రాస్తున్నా.

ఆ నంబర్ అబద్ధమని కాదు (ఊరూపేరూ లేని బ్రాండ్లు వేసే "10,000 ల్యూమెన్లు" మాత్రం పచ్చి అబద్ధమే, బొటనవేలంత లైట్‌లో అది జరగని పని). పేరున్న కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే స్టాండర్డ్ ప్రకారం కొలుస్తాయి. అందులో ల్యూమెన్లు కొలిచేది లైట్ వేసిన 30 సెకన్ల తర్వాత. రన్‌టైమ్ లెక్కపెట్టేది, ఆ వెలుతురు పదో వంతుకి పడిపోయే దాకా. ఈ రెండూ కలిపి చదవండి. ఒక లైట్ 300 ల్యూమెన్లతో మొదలై, నిమిషానికే వేడెక్కి 50కి దిగి, అక్కడే అరగంట వెలిగినా "300 ల్యూమెన్లు, 30 నిమిషాలు" అని వేసుకోవచ్చు. రూల్ ప్రకారం కరెక్టే. మనం చదివే అర్థమే వేరు. బీమ్ దూరం సంగతీ అంతే. "70 మీటర్లు" అంటే 70 మీటర్ల దూరంలో నిండు పున్నమి వెన్నెలంత వెలుతురు పడుతుందని, అంటే 0.25 లక్స్. అక్కడున్నది కుక్కో బస్తానో తేలుతుందని కాదు.

ఇక బ్యాటరీ లెక్క మీరే వేసుకోండి. 130 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 0.48 వాట్-అవర్. ఇంత చిన్న లైట్లలో ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు వస్తాయనుకుందాం. అప్పుడు ట్యాంక్‌లో ఉన్న మొత్తం వెలుతురు 48 ల్యూమెన్-అవర్లు. దాన్ని 300తో ఖర్చు పెడితే పది నిమిషాలు కూడా రాదు. 15తో అయితే మూడు గంటలు. 1 ల్యూమెన్‌తో రెండు రాత్రులు గడిచిపోతాయి. ఏ కంపెనీ అయినా, ఏ డిజైన్ అయినా ఈ లెక్క నుంచి తప్పించుకోలేదు. పైగా 300 ల్యూమెన్ల దగ్గర మూడు వాట్ల పవర్ 12 గ్రాముల బాడీలోకి పోతోంది, అందులో ఎక్కువ భాగం వేడే. ఆ వేడి పోవడానికి మీ వేళ్లు తప్ప వేరే దారి లేదు.

ఇంకో సంగతి, మన కంటికి వెలుతురు నంబర్ల లెక్కన కనపడదు. రెట్టింపు వెలుతురు అనిపించాలంటే ల్యూమెన్లు నాలుగు రెట్లయినా పెరగాలి. అందుకే 15కీ 60కీ ఉన్న తేడా బాక్స్ మీద కనిపించినంత పెద్దది కాదు. చీకట్లో చైన్ ఎక్కించడానికి, తాళం రంధ్రం వెతకడానికి, మెట్లు దిగడానికి, హాస్టల్ రూమ్‌లో పక్కవాడి నిద్ర చెడగొట్టకుండా ఛార్జర్ వెతుక్కోడానికి 1 నుంచి 15 చాలు. నడకకి 50, 60 ఉంటే హాయి. 300 ఎప్పుడు వాడానా అని గుర్తు చేసుకుంటే, ఫ్రెండ్స్‌కి చూపించడానికే ఎక్కువ.

నడక అన్నా కాబట్టి ఒక సీరియస్ విషయం. ఖాళీ ప్లాట్లలో అడ్డదారిన హాస్టల్‌కి పోయేవాళ్లు ఇది చదవాలి. 2020లో ఈలైఫ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యనే. ఎక్కువగా పల్లెల్లోనే జరుగుతున్నాయి, నిజమే. కానీ మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్త లేఔట్లు వేసింది నిన్నటి దాకా పొలాలూ చెరువు గట్లూ ఉన్న చోటే కదా. కట్లపాము తిరిగేదే రాత్రిళ్లు. రాత్రి నడిచేటప్పుడు లైట్ పట్టుకోండి, బూట్లు వేసుకోండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఊరికే కాదు. దీనికి 300 ల్యూమెన్లు అక్కర్లేదు. కాళ్ల ముందు రెండు మూడు మీటర్లు స్పష్టంగా కనపడాలి, దారి పొడవునా వెలుగుతూ ఉండాలి.

స్పష్టత అంటే ఇక్కడ వెలుతురు ఎంత అన్నదే కాదు, ఎలాంటిది అన్నది కూడా. చవక లైట్లన్నీ నీలం కొట్టే తెల్లటి వెలుతురు ఇస్తాయి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ విలువ వాటిలో 70 దగ్గరుంటుంది. ఎర్రమట్టి, ఎండు గడ్డి, గోధుమ రంగు తాడు, అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. 90 పైన సీఆర్ఐ ఉన్నదాంట్లో అవి విడివిడిగా తెలుస్తాయి. ల్యూమెన్లు కొంచెం తగ్గినా సరే, నా ఓటు దీనికే. స్పెక్ షీట్‌లో సీఆర్ఐ ఊసే లేకపోతే తక్కువే అనుకోండి.

ఇప్పుడు నా పాత లైట్‌ని చంపిన విషయం, జేబులో ఆన్ అవ్వడం. మా తాత దగ్గర రెండు సెల్లుల స్టీల్ బ్యాటరీ లైట్ ఉండేది. మా ఊళ్లో టార్చ్‌ని "బ్యాటరీ" అనే అంటారు. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు వేసేవాడు. ఊరికి పోయేటప్పుడు సంచీలో పెట్టే ముందు ఒక సెల్ తీసి తిరగేసి పెట్టేవాడు. స్విచ్ నొక్కుకుపోయినా వెలగదు, సెల్లులు అయిపోవు. చిన్నప్పుడు అదేదో చాదస్తం అనుకున్నా. ఇప్పుడు కంపెనీలు "లాకౌట్ మోడ్" అని ఫీచర్ల లిస్టులో రాసేది అదే పని. కీచైన్ లైట్‌లో నేను మొట్టమొదట చూసేది ఇదే. లాకౌట్ లేని బటన్ లైట్ ఎంత బాగున్నా కొనకండి.

తిప్పితే వెలిగే మోడళ్లలో ఈ గొడవ తక్కువ. ఓలైట్ ఐ1ఆర్ 2 అలాంటిది. కొంచెం తిప్పితే 5 ల్యూమెన్లు, ఇంకా తిప్పితే 150. తక్కువ వెలుతురుతో మొదలవడం నాకు బాగా నచ్చిన విషయం. కాకపోతే ఒంటి చేత్తో తిప్పడం కష్టం, అందులోనూ తాళాల గుత్తి వేలాడుతుంటే. నైట్‌కోర్ టికి బటన్ రకం. 1 ల్యూమెన్ నుంచి 300 దాకా, లాక్ మోడ్, 12 గ్రాముల బరువు, వానకి తట్టుకునే ఐపీ66 రేటింగ్. మెయిన్ ఎల్ఈడీతో పాటు పక్కన చిన్న హై సీఆర్ఐ ఎల్ఈడీ కూడా ఉంటుంది. ఇప్పుడు నా గుత్తికి ఉన్నది ఇదే, ఆ పక్క ఎల్ఈడీ కోసమే తీసుకున్నా. అదే కంపెనీ టిని 2లో 280 ఎంఏహెచ్ బ్యాటరీ, యూఎస్‌బీ-సి, బ్యాటరీ ఎంతుందో చూపించే బుల్లి ఓఎల్ఈడీ స్క్రీన్ ఉన్నాయి. దాని 500 ల్యూమెన్ల మాట పక్కన పెట్టండి. ట్యాంక్ రెండింతలు, ఛార్జ్ ఎంతుందో కనపడుతుంది, ఈ రెండిటి కోసం అయితే డబ్బులు పెట్టొచ్చు.

పైన చెప్పిన మొదటి రెండిట్లో మైక్రో యూఎస్‌బీ పోర్ట్. ఇంట్లో ఆ కేబుల్ మిగిలి ఉందో లేదో చూసుకుని కొనండి, నవ్వకండి. కేబుల్ వెతకాల్సి వస్తే ఛార్జ్ చేయం, ఛార్జ్ చేయకపోతే అవసరానికి వెలగదు. నేను నెల మొదటి ఆదివారం అని పెట్టుకున్నా. బ్యాటరీ మార్చుకునే వీలు ఈ మూడింట్లోనూ లేదు. కొన్నేళ్లకి సెల్ అలసిపోతే లైట్ మొత్తం ఈ-వేస్టే. ఈ విషయంలో మా తాత స్టీల్ బ్యాటరీయే వందసార్లు మేలు.

చివరిగా ఒక చిన్న విషయం, ఏ రివ్యూలోనూ నాకు కనపడలేదు. బండి తాళాలకి లైట్ తగిలిస్తే, తాళం ఇగ్నిషన్‌లో ఉన్నంతసేపూ లైట్ కూడా అక్కడే ఉంటుంది. చైన్ చూడాలంటే తాళం పీకాలి, అంటే హెడ్‌లైట్ పోతుంది. ఫ్రెండ్ బండి అడిగితే లైట్ కూడా వాడితోనే పోతుంది. పైగా రోజంతా ట్యాంక్ మీద టకటకా కొట్టుకుంటూ పెయింట్ గీకేస్తుంది. ఒక క్విక్ రిలీజ్ క్లిప్ తీసుకోండి, లేదంటే రూమ్ తాళానికి తగిలించండి. నేను రూమ్ తాళానికి మార్చాను. మొన్న హాస్టల్‌లో కరెంటు పోయినప్పుడు నాలుగో ఫ్లోర్ నుంచి కిందికి నలుగురం దాని వెలుతురులోనే దిగాం, లో మోడ్‌లోనే.