గ్లవ్స్ వేసుకున్నోడి లెక్క

అమెరికా వాళ్ల బేస్‌బాల్‌లో క్యాచర్ అని ఒకడుంటాడు. ముఖానికి మాస్క్, కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుంటాడు. ఏ బంతి వెయ్యాలో విసిరేవాడికి వేళ్లతో సైగ చేస్తాడు. మన క్రికెట్‌లో అతని చుట్టమే వికెట్ కీపర్.

మా మణుగూరులో ఆదివారం మ్యాచ్ పెడితే బ్యాటింగ్‌కి కొట్టుకుంటారు, బౌలింగ్‌కి కొట్టుకుంటారు. కీపింగ్ దగ్గరికొచ్చేసరికి "నువ్వు నిలబడ్రా" అని ఎవణ్నో ముందుకు తోస్తారు. వంద బంతులు ఆపినా ఎవరూ చూడరు. ఒక్కటి జారిందా, అందరూ కోచ్‌లే!

పైకెళ్లే కొద్దీ కష్టం ఇంకో రకం. టీమ్‌లో బౌలర్లు నలుగురైదుగురు ఉంటారు, కీపర్ ఒక్కడే. అతను ఫిట్‌గా ఉన్నంత కాలం రెండోవాడి చోటు బెంచీయే. హైదరాబాద్ కీపర్ పి. కృష్ణమూర్తి 1971లో వెస్టిండీస్ వెళ్లి అయిదు టెస్టులూ ఆడాడు. అక్కడ మనం మొదటిసారి సిరీస్ గెలిచింది ఆ టూర్‌లోనే. తర్వాత ఆయనకి ఒక్క టెస్టూ దక్కలేదు.

మన కాలంలో చూస్తే వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్. 2015లో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి కీపర్ అతనే. అయినా పిలుపు కోసం ఏళ్లు ఆగాడు. 2021 నవంబర్‌లో కాన్పూర్ టెస్టులో సాహాకి మెడ పట్టేస్తే భరత్‌కి గ్లవ్స్ ఇచ్చారు. విల్ యంగ్, రాస్ టేలర్ క్యాచ్‌లు పట్టాడు, లాథమ్‌ని స్టంప్ చేశాడు. కానీ అతను సబ్‌స్టిట్యూట్. ఆ మూడూ అతని టెస్ట్ కెరీర్ లెక్కలో కలవవు.

అసలు టెస్ట్ క్యాప్ వచ్చింది 2023 ఫిబ్రవరిలో, నాగ్‌పూర్‌లో. అదీ పంత్‌కి కారు ప్రమాదం జరిగాక. నాలుగు నెలల్లో ఓవల్‌లో వరల్డ్ టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. 2024 మొదట్లో సొంతూరు వైజాగ్‌లో ఇంగ్లండ్ మీద ఆడింది అతని ఏడో టెస్టు. తర్వాతి మ్యాచ్‌కి గ్లవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లాయి. ఏడు టెస్టుల్లో 221 పరుగులు. బ్యాట్‌తో ఇంకొంచెం చెయ్యాల్సింది, నిజమే. కీపర్‌ని కూడా పరుగులతోనే తూచే రోజులివి.

ఒక్క పోస్టు కోసం ఏళ్లుగా ప్రిపేరయ్యేవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరున్నారు. ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్ కోసం చదువుతూ ఉండటం ఎంత కష్టమో వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఏడు టెస్టుల కంటే ఆ కాన్పూర్ రోజే నాకు పెద్దదనిపిస్తుంది. చెప్పాపెట్టకుండా పిలిచారు, చేతులు రెడీగా ఉన్నాయి. లెక్కలో రాయకపోతేనేం, ఆ ముగ్గురూ అవుటయ్యారా లేదా?