నేల ఆరిందా... చూశారా?

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక అందరి తొందరా ఫ్లోరింగ్ మీదే. కాంక్రీటు తెల్లగా కనిపిస్తోంది, చేత్తో తాకితే పొడిగానే ఉంది. ఇంకేం, చెక్క పలకలు పరిచేయమంటాం. కొన్నాళ్లకు పలకల అంచులు పైకి లేస్తాయి. వినైల్ అయితే జిగురు వదిలేసి ఉబ్బుతుంది. పలకలు మంచివి కావని షాపువాళ్లను తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు దోషం అడుగున దాగిన తడిది.

‘28 రోజులు అయిపోయాయిగా’ అంటుంటారు. అది కాంక్రీటు బలం పుంజుకునే లెక్క, ఆరే లెక్క కాదు. నీళ్లు పట్టడం ఆపాక అంగుళం మందానికి సుమారు నెల చొప్పున ఆరనివ్వాలన్నది ఓ మోటు లెక్క. అంటే నాలుగంగుళాల నేలకు నాలుగు నెలలు. వానాకాలంలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పైపొర ముందు ఆరుతుంది, లోపలి తేమ మాత్రం నెమ్మదిగా పైకి వస్తుంది. కింది అంతస్తులో అయితే కాంక్రీటు అడుగున పాలిథిన్ షీటు వేయకపోతే మట్టిలోని చెమ్మ కూడా ఎక్కుతూనే ఉంటుంది.

ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న మందపాటి పారదర్శక పాలిథిన్ ముక్కను నేలమీద పరిచి, నాలుగువైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. ఎండ పడకూడదు. సాయంత్రం అంటిస్తే మర్నాడు మధ్యాహ్నం తీయండి. కనీసం 16 గంటలు ఉండాలి. షీటు అడుగున నీటి చుక్కలున్నా, అక్కడ కాంక్రీటు రంగు ముదిరినా నేల ఇంకా ఆరలేదన్నమాట. ప్రతి గదిలోనూ, ముఖ్యంగా బాత్‌రూమ్ గోడ పక్కన చూడండి.

చుక్కలు కనబడలేదని ధీమా పడొద్దు. ఈ పరీక్ష తడి ఉంటే పట్టిస్తుందేగానీ, లోపల పూర్తిగా ఆరిందని హామీ ఇవ్వదు. ఖరీదైన చెక్క వేయిస్తుంటే మీటరు పరీక్ష అడగండి. కాంక్రీటు మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి, అందులో మీటరు పెట్టి తేమ శాతం కొలుస్తారు. ఫ్లోరింగ్ కంపెనీ చెప్పిన పరిమితిలో ఆ అంకె ఉంటేనే పని మొదలుపెట్టించండి. వివరాలు కాగితం మీద రాయించుకుంటే రేపు పేచీ వచ్చినా మీ మాట నిలుస్తుంది.

మరి ముహూర్తం? దాన్నేమీ వాయిదా వేయక్కర్లేదు. ఉత్త గచ్చు మీదే నిశ్చింతగా పాలు పొంగించుకోండి. చెక్క నేల సంగతి ఆరాక చూసుకోవచ్చు!